కనుమ కోడికూర మిగిలిందని ఫ్రైడ్ రైస్ చేశాను, ముద్దయిపోయింది. ఎక్కడ తప్పాను?

రాజోలు_కోడలు | ముక్కనుమ, ఉదయం 11.40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాసింది లేదు. ఇవాళ పరువు పోయి రాస్తున్నాను.

నిన్న కనుమకి మా అత్తవారింట్లో పద్నాలుగు మందిమి. నాటుకోడి పులుసు, మటన్ వేపుడు, గారెలు. ఆడపడుచు వాళ్ళు సాయంత్రం బస్సుకే వెళ్ళిపోవడంతో రాత్రి భోజనానికి సగం మందే ఉన్నాం. కూరలు మిగిలిపోయాయి. పొద్దున్నే అత్తయ్యగారు "మళ్ళీ అదే కూర, అదే అన్నం అంటే పిల్లలు మూతి ముడుస్తారు" అన్నారు. నేనుండి "ఫ్రైడ్ రైస్ చేస్తానత్తయ్యా, హైదరాబాద్‌లో వారానికోసారి చేస్తూనే ఉంటాను" అని గొప్పకి పోయాను.

పెద్ద మూకుడు పెట్టి నూనె పోసి ఉల్లిపాయ, క్యాబేజీ, క్యారెట్ వేయించాను. కోడి ముక్కలు పులుసుతో సహా రెండు గరిటెలు వేశాను. ఆపైన రాత్రి అన్నం మొత్తం ఒకేసారి. సోయా సాస్, మిరియాల పొడి. ఐదు నిమిషాల్లో గరిటె నిలబడింది. ముక్కలు పీచు పీచుగా విడిపోయి, ఎముకలు ఊడి అన్నంలో కలిసిపోయాయి. రంగు చూస్తే ఊడ్పుల నాటి చేను గుర్తొచ్చింది. మావయ్యగారు ఒక్క ముద్ద తిని, "పొంగలి బాగుందమ్మా, మొన్న సంక్రాంతి నాడే చెయ్యాల్సింది" అన్నారు.

ఇంకా కిలో దాకా కోడి ముక్కలున్నాయి. మటన్ వేపుడు అరకిలో ఉంటుంది. రేపు మళ్ళీ చేసి తీరతాను. చెప్పండి.

కొబ్బరాకు | 11.52

మీ మావయ్యగారు పెద్దమనిషండీ, పొంగలితో సరిపెట్టారు. మా ఇంట్లో అయితే "పోస్టర్లు అంటించుకోడానికి కాస్త పక్కన పెట్టండి" అనేవారు. ఆయ్.

మిల్లు_గుమస్తా | 12.05

జోకులు తరవాత. ఏ బియ్యమండీ అవి? ఎప్పటివి?

రాజోలు_కోడలు | 12.11

సొంత చేనువే. డిసెంబర్‌లో కోతలయ్యాయి, పండక్కని పదిరోజుల కింద మర పట్టించారు. కుక్కర్లో వండాం.

మిల్లు_గుమస్తా | 12.30

అదీ సంగతి. కొత్త బియ్యం, అందులోనూ కుక్కర్లో. సోయా సాస్ దాకా వెళ్ళకుండానే వంట అక్కడ తప్పింది.

కొత్త బియ్యానికి జిగురెక్కువ. తక్కువ నీళ్ళకే మెత్తబడి మెతుకుకి మెతుకు అంటుకుంటుంది. అదే ఏడాది నిల్వున్న బియ్యమైతే ఎసరు ఎక్కువ లాగుతుంది, ఉడికాక మెతుకు దేనికది విడిపోతుంది. అందుకే మా మిల్లుకొచ్చే హోటలు వాళ్ళు ముందు అడిగేది "పాతవున్నాయా" అని. రేటు తరవాత మాట. సంక్రాంతి నెలలో ఊళ్ళో దొరికేవన్నీ కొత్తవే. పరమాన్నానికి వాటికి తిరుగులేదు, ఫ్రైడ్ రైస్‌కి మాత్రం వద్దు.

రకం గురించి కూడా ఒక మాట. బాస్మతి కావాలని ఎవరైనా చెబితే నమ్మకండి. మన మార్టేరులో పుట్టిన స్వర్ణ (ఎం.టి.యు. 7029, 1982లో వచ్చింది), బాపట్ల సాంబమసూరి (బి.పి.టి. 5204, 1986) ఈ రెండిట్లో ఏదైనా పాతదైతే చాలు. స్వర్ణ మెతుకు కాస్త లావు, సాంబమసూరి సన్నం. నా ఓటు సాంబమసూరికి. ఎం.టి.యు. అంటే మార్టేరు, బి.పి.టి. అంటే బాపట్ల అని తెలియకుండానే జీవితమంతా తినేసేవాళ్ళున్నారు, అది వేరే కథ.

కుక్కర్ వద్దు. గంజి వార్చండి. మెతుకు చుట్టూ ఉన్న జిగురు సగం గంజితోనే పోతుంది.

రాజోలు_కోడలు | 12.38

రాత్రి అన్నమైతేనే ఫ్రైడ్ రైస్ బాగుంటుందని అంటారు కదా? అందుకే అది వాడాను.

బండి_మాస్టర్ | 1.15

ఆ మాట నిజమే. చల్లారిన అన్నం మెతుకు బిగుస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా బిగుస్తుంది. కానీ ముద్దగా ఉడికిన అన్నం చల్లారితే చల్లటి ముద్ద అవుతుంది, అంతే కదండీ.

నేను తణుకులో పదకొండేళ్ళు ఫ్రైడ్ రైస్ బండి నడిపాను, ఇప్పుడు మానేశాను. మా లెక్క ఇదీ. మధ్యాహ్నం మూడింటికి అన్నం పలుకు మీద ఉండగానే వార్చేస్తాం. పలుకంటే, మెతుకు వేళ్ళ మధ్య నలిపితే నడుమ సన్నగా గింజ తగలాలి. పెద్ద స్టీలు పళ్ళెంలో పల్చగా పరిచి, రెండు చెంచాల నూనె చిలకరించి, ఫ్యాన్ కింద పెడతాం. గిన్నెలోనే వదిలేస్తే దాని ఆవిరికి అదే మెత్తబడిపోతుంది.

రెండోది మంట. మా పొయ్యి మీద కడాయి పొగలొస్తే గానీ నూనె పొయ్యం. ఇంట్లో గ్యాస్ పొయ్యికి అంత మంట రాదు. అందుకని ఇంట్లో చేసేవాళ్ళు ఒకసారికి రెండు ప్లేట్లకి మించి వెయ్యకూడదు. పద్నాలుగు మంది అన్నం ఒకేసారి గుమ్మరిస్తే మూకుడు అక్కడికక్కడే చల్లబడిపోతుంది. ఇక అది వేగదు, ఉడుకుతుంది. చెవి పెట్టి వినండి, తెలిసిపోతుంది. చిటపటలాడుతుంటే వేగుతున్నట్టు. చప్పుడు తగ్గి బుసబుసమంటే మూకుట్లో నీళ్ళున్నట్టు. నేను చూపు కంటే చప్పుడునే నమ్మేవాణ్ణి, బండి దగ్గర రాత్రిపూట లైటు సరిగ్గా ఉండేది కాదు మరి.

ముక్కలు ఎప్పుడు వేశారు? అన్నం కంటే ముందే కదా. వండిన ముక్కని మళ్ళీ వండారన్నమాట. చివర్న వేసి, వేడెక్కాక దించెయ్యాలి.

పాలకొల్లు_పొయ్యి | 1.40

మాస్టారు బండి లెక్కే చెప్పారు. ఈవిడ దగ్గరున్నది నాటుకోడి పులుసు. దానికి వేరే దారి ఉంది.

ముక్కలన్నీ పులుసులోంచి తీసి ఒక గిన్నెలో పెట్టి చల్లారనివ్వండి. చల్లగా ఉన్నప్పుడే ఎముకలు తియ్యండి. వేడి మీద తీస్తే కండ చితికిపోతుంది. నాటుకోడి ఎముకలు సన్నవి, మెడ దగ్గరవి మరీ. పిల్లలున్న ఇంట్లో రెండుసార్లు వేళ్ళతో తడిమి చూసుకోవాలి. తీసిన కండని కత్తితో కొయ్యకుండా చేత్తోనే పొడుగ్గా చీల్చండి.

పులుసుని మాత్రం విడిగా పొయ్యి మీద పెట్టి దగ్గరకు రానివ్వండి. నూనె పైకి తేలి, అడుగున మసాలా ముద్దలా చిక్కబడాలి. మీరు కొబ్బరి, గసగసాలు వేసే ఉంటారు కాబట్టి దగ్గరపడే కొద్దీ అడుగంటుతుంది, గరిటె ఆపకండి. రెండు ప్లేట్ల అన్నానికి ఆ ముద్ద రెండు చెంచాలు చాలు. సోయా సాస్ మర్చిపోండి. సోయా, గసగసాలు ఒకే మూకుట్లో పడితే రెండూ ఏడుస్తాయి.

బండి_మాస్టర్ | 1.48

ఒప్పుకున్నాను. సోయా కావాలంటే మటన్ వేపుడుతో వాడండి. అయినా నన్నడిగితే మీ దగ్గరున్న అసలు సరుకు ఆ వేపుడే. తడి లేదు, ముక్క వేగి ఉంది.

పాలకొల్లు_పొయ్యి | 1.55

వేపుడు గిన్నెలో అంచున కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది చూడండి. దాన్ని పారేసి కొత్త నూనె పోసేవాళ్ళుంటారు, వాళ్ళతో నాకు మాటల్లేవు. ముందు ఆ కొవ్వునే మూకుట్లో కరిగించి, పచ్చిమిర్చి, కరివేపాకు అందులో వేయించండి.

పుంజు_గారు | 2.20

మధ్యలో దూరుతున్నాను. మా వాడికి బరి దగ్గర కోస (పందెంలో ఓడిపోయిన పుంజు) ఒకటి వచ్చింది. నాలుగు విజిల్స్ వేసినా కాలి ముక్క రబ్బరే. ఫ్రైడ్ రైస్‌లో వేస్తే నమలగలమా?

పాలకొల్లు_పొయ్యి | 2.31

బాదంపప్పులు తిని కసరత్తులు చేసిన కోడండీ అది, నాలుగు విజిల్స్‌కి ఏం లొంగుతుంది. కుక్కర్లోనే సన్నని సెగ మీద ఇంకో అరగంట ఉంచండి. ఎముకని పట్టుకుని లాగితే కండ ఊడి రావాలి. అప్పుడు సన్నగా చీల్చి వేసుకోండి. ముక్కలుగా వేస్తే మాత్రం దవడ నొప్పి ఖాయం.

నైట్_డ్యూటీ | 3.05

నేను నర్సుని. ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఎవరూ అడగనిది నేను అడుగుతాను. రాజోలు_కోడలు గారూ, ఆ అన్నం రాత్రంతా ఎక్కడుంది?

రాజోలు_కోడలు | 3.12

హాల్లో బల్ల మీద. పెద్ద గిన్నె, ఫ్రిజ్‌లో పట్టలేదు. పైన పళ్ళెం మూత పెట్టాం. కూరలు మాత్రం పడుకునే ముందు మరిగించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాం.

నైట్_డ్యూటీ | 3.35

కూరల విషయంలో మంచి పని చేశారు. అన్నం విషయంలో మీ అదృష్టం బాగుంది.

మాంసమంటే అందరూ భయపడతారు, అన్నాన్ని ఎవరూ అనుమానించరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలుంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. బయట వదిలేస్తే మేల్కొని పెరుగుతాయి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం వేడికి లొంగదు. మూకుట్లో పొగలొచ్చేలా వేయించినా పోదు. తిన్న గంట నుంచి ఐదారు గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. వాసన రాలేదు, పులుపు లేదు, కాబట్టి బాగానే ఉందనుకోవడానికి వీల్లేదు.

వండిన గంట, మహా అయితే రెండు గంటల్లో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ 4, 5 డిగ్రీల్లో ఉండాలి. అన్నం మర్నాటికి వాడేయాలి. మాంసం కూర మూడు నాలుగు రోజులు ఆగుతుంది, తినేముందు ముక్క లోపలిదాకా సెగలు కక్కాలి. ఎంత వేడి చేస్తే అంతే తినాలి, మొత్తం గిన్నెని రోజుకోసారి పొయ్యెక్కించి దించడం కాదు.

కొబ్బరాకు | 3.50

చలికాలం కదండీ, రాత్రి గది బయట వణుకుతున్నాం. అన్నం కూడా వణకదా?

నైట్_డ్యూటీ | 4.02

ఈ రాత్రి మీ ఇంట్లో పెద్ద గిన్నె అన్నం వండితే, పదకొండింటికి చెయ్యి కడుక్కుని దాని నడిమధ్యకి వేళ్ళు దించి చూడండి. పైన మంచులా ఉంటుంది, లోపల వెచ్చగా తగులుతుంది. బాక్టీరియాకి కావాల్సింది ఆ వెచ్చదనమే. పళ్ళెంలో పరవమని మాస్టారు మెతుకు కోసం చెప్పారు, నేను ప్రాణం కోసం చెబుతున్నాను.

లంక_మనవడు | 4.30

మా మామ్మ చెబుతోంది, నేను టైప్ చేస్తున్నాను. "నా చిన్నప్పుడు ఫ్రిజ్జులున్నాయా? రాత్రన్నం పొద్దున్నే తినే పెరిగాం. చద్దన్నం తిన్నవాళ్ళెవరూ చావలేదు. ఆవిడెవరో పిల్ల, పుస్తకాలు చదివి భయపెడుతోంది."

నైట్_డ్యూటీ | 4.44

మామ్మగారికి నమస్కారాలు. మామ్మగారూ, మీరు చద్దన్నంలో ఏం పోసేవారు?

లంక_మనవడు | 4.51

"గంజి పోసేవాళ్ళం. లేకపోతే నీళ్ళు, మజ్జిగచుక్క. తెల్లారేసరికి కమ్మగా పులిసేది. ఉల్లిపాయ, ఆవకాయ బద్ద నంజుకుని చేలోకి పోయేవాళ్ళం."

నైట్_డ్యూటీ | 5.03

అదే తేడా మామ్మగారూ. మీది పులిసిన అన్నం. ఆ పులుపుకి చాలా రకాల చెడు క్రిములు ఎదగలేవు. తెల్లారేసరికి తినేసేవారు కూడా. వీళ్ళది ఏమీ పొయ్యని పొడి అన్నం, మూతేసి పదకొండింటిదాకా బల్ల మీద ఉంచింది. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

లంక_మనవడు | 5.10

మామ్మ "ఊఁ" అంది. మా ఇంట్లో ఆ ఊఁ రావడం గొప్ప విషయం.

ఇంకోటి కూడా అంది. "అసలు ఇదంతా దేనికి? మాంసం వేపుడు దించాక మూకుడు కడగకుండా అందులో వేడన్నం వేసి కలిపితే ఏ ఫ్రైడ్ రైసూ దాని కాలిగోటికి చాలదు" అని.

కొబ్బరాకు | 5.14

మామ్మగారికి నా ఓటు. మూకుడు అన్నం! అడుగున మాడీ మాడని మసాలా, అంచులకి అంటిన నూనె. మా అమ్మ అట్లకాడతో గీకి ముద్దలు చేసి అందరికీ ఒక్కొక్కటి పెట్టేది. నలుగురం పిల్లలం, ముద్దలు మూడే వచ్చేవి. ఆ నాలుగో వాణ్ణి నేనే.

మిల్లు_గుమస్తా | 5.20

చర్చ పక్కదారి పట్టింది గానీ, నోరూరించారు.

రాజోలు_కోడలు | మర్నాడు, మధ్యాహ్నం 2.25

చేశాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

నిన్నటి పొంగలి కోళ్ళకి వేసేశాం. వచ్చే కనుమకి వాటిలో రెండు మళ్ళీ పులుసు అవుతాయి కాబట్టి ఎటూ పోలేదు.

పక్కింటివాళ్ళ దగ్గర పోయిన ఏడాది సాంబమసూరి దొరికింది. ఆరు గ్లాసులు. ఎసరు బాగా పోసి, పలుకుండగా వార్చాను. గంజి వార్చడం నాకు రాదు, అత్తయ్యగారే గిన్నె వంచారు. రెండు పెద్ద పళ్ళాల్లో పరిచి ఫ్యాన్ వేశాను. ముప్పావు గంటకి చేత్తో ముట్టుకుంటే చల్లగా, మెతుకు మెతుకుగా రాలింది. ఫ్రిజ్ దాకా వెళ్ళలేదు, వెంటనే వాడేశాను.

మొదట వేపుడు. మటన్ ముక్కలు చిన్నవిగా కోశాను. గిన్నె అంచున కొవ్వు నిజంగానే తెల్లటి గోడలా ఉంది. దాన్ని కరిగించి, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు. రెండు గుడ్లు కొట్టి పక్కకి నెట్టి, రెండు ప్లేట్ల అన్నం వేశాను. మాస్టారూ, చెవి పెట్టాను. చిటపట! మిరియాలు, అర చెంచా సోయా, ఆఖర్న ముక్కలు, ఉల్లికాడలు. అలా మూడు వాయిలు.

తరవాత కోడి. ఎముకలు తియ్యడానికి నాకూ మా ఆయనకీ గంట పట్టింది. పులుసు దగ్గరపడటానికి ఇరవై నిమిషాలు. చివర్లో ఒక్క క్షణం ఫోన్ చూశాను, కాస్త అడుగంటింది. ఆ మాడు వాసనే బాగుందని మా ఆయన అంటున్నాడు, భయంతో అన్నాడేమో తెలీదు. ఇది మూడు వాయిలు.

తప్పు ఒకటి జరిగింది. పులుసులో ఉప్పు ఉంటుందని మర్చిపోయి కోడి అన్నం మొదటి వాయికి మళ్ళీ ఉప్పేశాను. పులుసు దగ్గరపడితే ఉప్పు కూడా చిక్కబడుతుందని అప్పుడు తెలిసింది. ఇంకాస్త ఉప్పులేని అన్నం, రెండు నిమ్మచెక్కలు పిండి సర్దాను.

పాలకొల్లు_పొయ్యి | 2.40

అయ్యో, ఉప్పు సంగతి నేను చెప్పాల్సింది. తప్పు నాది. ముక్కలకి పాత వాసనేమైనా వచ్చిందా? కొందరి ఇంట్లో రెండో రోజు మాంసం వేడి చేస్తే వస్తుంది.

రాజోలు_కోడలు | 2.46

కోడికి రాలేదు. మటన్‌కి మొదట కొంచెం వచ్చింది, మిరియాలు, వెల్లుల్లి పడ్డాక తెలియలేదు.

నైట్_డ్యూటీ | 2.58

నిల్వున్న మాంసంలో కొవ్వుకి గాలి తగిలి వచ్చే వాసన అది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే తక్కువ వస్తుంది. మసాలా కూరల్లో ఎటూ తక్కువే, ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి దాచిన ముక్కలకి ఎక్కువ.

బండి_మాస్టర్ | 3.10

మావయ్యగారు ఏమన్నారో చెప్పలేదు.

రాజోలు_కోడలు | 3.22

ఏమీ అనలేదు. మటన్ది రెండుసార్లు పెట్టించుకున్నారు. మూడోసారి వంటింట్లోకి వచ్చి, నేను కడుగుదామని పక్కన పెట్టిన మూకుడు తీసుకుని, వేడన్నం ఒక గరిటె అందులో వేసుకుని, అక్కడే నిలబడి కలుపుకుని తిన్నారు.

లంక_మనవడు | 3.25

మామ్మకి చదివి వినిపించాను. నవ్వుతోంది.

రాజోలు_కోడలు | 3.31

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఒకే ఒక్క సందేహం మిగిలింది. ఇంకా పదిహేడు గారెలున్నాయి, రాళ్ళలా అయ్యాయి. వాటినేం చెయ్యను?

కొబ్బరాకు | 3.33

కోడి పులుసు వేడి చేసి అందులో నానెయ్యండి. అరగంటలో దూదిపింజలు.

రాజోలు_కోడలు | 3.34

పులుసంతా దగ్గరపెట్టేశాను కదండీ.